గట్టిగా చెప్పడం అంటే గొంతు పెంచడం కాదు

అప్రైజల్ సీజన్‌లో మన తెలుగు కుర్రాళ్ల, అమ్మాయిల ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది. "పని బాగా చేస్తారు, కానీ ఇంకాస్త అసర్టివ్‌గా ఉండాలి." ఎలా ఉండాలో మాత్రం ఎవరూ రాయరు. అది చదివిన కొందరు తర్వాతి మీటింగులో గొంతు పెంచుతారు. ఇంకొందరు "మనకి నోరు లేదు, ఇంతే" అనుకుని ఊరుకుంటారు. అసర్ట్ అనే ఆ ఇంగ్లిష్ క్రియకి ఈ రెండింట్లో ఏదీ అర్థం కాదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నాకు ఈ మాట మీటింగులో సలహాగా వినిపిస్తుంది, కోడ్‌లో కమాండ్‌గా కనిపిస్తుంది. పైగా మాది కృష్ణా డెల్టా. దేవుణ్ణి ఎదురుగా నిలబెట్టి లెక్క అడిగిన కవి పుట్టిన ప్రాంతం. కాబట్టి ఈ క్రియని విప్పి చూడ్డానికి మనం ఇంగ్లండ్ దాకా వెళ్లక్కర్లేదు. కొంచెం అటు వెళ్లి, మిగతాదంతా ఇక్కడే చూద్దాం.

అసర్ట్‌కి చుట్టాలు చాలామంది

ఇంగ్లిష్‌లో అసర్ట్‌కి మూడు ముఖ్యమైన వాడుకలున్నాయి. ఒకటి, ఒక విషయం నిజమని నొక్కి చెప్పడం. రెండు, హక్కునో అధికారాన్నో చాటుకోవడం. మూడు, "అసర్ట్ యువర్‌సెల్ఫ్" అన్నప్పుడు, నలుగురిలో మన మాటని మనం నిలబెట్టుకోవడం.

చెప్పడానికి సంబంధించిన క్రియలు ఇంకా ఉన్నాయి. వాటికీ దీనికీ తేడా తెలియాలంటే మా డెల్టా ఉదాహరణే తీసుకుందాం. కాలువ చివర ఉండే శివారు పొలాలకి నీళ్లు అందాయా లేదా అన్నది ఇక్కడ ఏటా వచ్చే గొడవ.

"నీళ్లు వదిలాం" అని మామూలుగా చెబితే స్టేట్. చెప్పారు గానీ నమ్మాలో వద్దో వినేవాళ్లే తేల్చుకోవాలి అన్న ధ్వని ఉంటే క్లెయిమ్. "పైవాళ్లు నీళ్లు మళ్లించుకున్నారు" అని రుజువు కాని తప్పుని ఇంకొకళ్ల మీద మోపితే అలెజ్, అంటే ఆరోపించడం. "నీళ్లొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలం" అంటే ఇన్‌సిస్ట్, అంటే పట్టుబట్టడం. "నా పొలానికి నీళ్లు రాలేదు, వచ్చి తడి చూసుకోండి" అంటే, అది అసర్ట్. తన మాటకి తనే పూచీ పడి, పరీక్షకి ఎదురు నిలబడి చెప్పడం.

ఒక జాగ్రత్త కూడా ఉంది. ఇంగ్లిష్ వార్తల్లో "హి అసర్టెడ్" అని రాస్తే, గట్టిగానే చెప్పాడు కానీ రుజువు చూపించాడని అర్థం రాదు. కోర్టు భాషలో "బేర్ అసర్షన్" అంటే ఆధారం లేని ఉత్త మాట. అంటే గట్టిదనం వేరు, నిజం వేరు. గట్టిగా చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు. కాకపోతే తప్పయితే అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు.

చెయ్యి వేసి చెప్పిన మాట

ఈ మాట లాటిన్‌లోని ఆసెరెరే నుంచి వచ్చింది. దగ్గరికి చేర్చుకోవడం, కలుపుకోవడం అని మూలార్థం. పాత రోమ్‌లో ఇది కోర్టు మాట. ఒక మనిషి బానిసా, స్వతంత్రుడా అన్న వివాదం వస్తే, ఆ మనిషి తన తరఫున తనే వాదించుకోవడానికి వీల్లేదు. ఇంకొకరు ముందుకొచ్చి, ఆ మనిషి మీద చెయ్యి వేసి "ఇతను స్వతంత్రుడు" అని ప్రకటించాలి. అలా ప్రకటించినవాణ్ణి అసర్టర్ అనేవారు.

ఈ పుట్టుక నాకు చాలా నచ్చింది. ఇందులో అరుపు లేదు. ఒక చెయ్యి ఉంది, దాని వెనక ఒక పూచీ ఉంది. ఇంకో సంగతి, మొదట్లో ఈ మాట మన గురించి మనం చెప్పుకోవడానికి కాదు, నోరు లేనివాళ్ల పక్షాన నిలబడడానికి కూడా. దీని దగ్గరికి చివర్లో మళ్లీ వద్దాం.

తెలుగులో ఎన్ని రకాలో

"మన భాషలో దీనికి మాటే లేదు" అనేవాళ్లకి ఒక చిన్న జాబితా.

బల్లగుద్ది చెప్పడం: ఎదురు వాదనకి చోటివ్వకుండా చెప్పడం. ఢంకా బజాయించి చెప్పడం: నలుగురికీ తెలిసేలా చాటడం. కుండబద్దలు కొట్టడం: అందరూ దాచిపెడుతున్నదాన్ని బయటపెట్టేయడం. తెగేసి చెప్పడం: ఇక బేరం లేదు అనడం, ఎక్కువగా "కాదు" అనడానికి. ఖరాఖండి కూడా ఆ దారిదే. నిలదీయడం: ఎదుటివాళ్లని జవాబు చెప్పేదాకా కదలనివ్వకపోవడం. నొక్కి వక్కాణించడం: పేపర్ల భాష, ఇంట్లో ఎవరూ అనరు.

వీటిలో ఘంటాపథంగా చెప్పడం అన్నదాని సంగతి వేరు. గంట కొట్టినట్టు చెప్పడం అని చాలామంది అనుకుంటారు. సంస్కృతంలో ఘంటాపథం అంటే వెడల్పాటి రాజమార్గం. మెడలో గంటలతో ఏనుగులు నడిచే దారి అన్నమాట. ఆ లెక్కన ఘంటాపథంగా చెప్పడమంటే సందుల్లో గొందుల్లో గుసగుసలాడకుండా నడిరోడ్డు మీద, అందరికీ కనపడేలా చెప్పడం.

ఇక అన్నిటికంటే ఎక్కువగా వాడేది "గట్టిగా చెప్పు". అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలుగులో గట్టిగా అంటే పెద్ద గొంతుతో అనీ అర్థం, దృఢంగా అనీ అర్థం. "గట్టిగా చదువు" అని ఇంట్లో, "గట్టిగా చెప్పు, వినపడట్లేదు" అని క్లాసులో విని పెరిగినవాళ్లకి మొదటి అర్థమే ముందు గుర్తుకొస్తుంది. రైతుని అడిగితే రెండోది చెబుతాడు. కళ్లంలో ధాన్యం తూర్పారబడితే తాలు గాలికి పోతుంది, గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది. గట్టి గింజ చప్పుడు చెయ్యదు. దానిలో బియ్యం ఉంటుంది, అంతే. మనం విమర్శించడాన్ని కూడా తూర్పారబట్టడం అంటాం కదా. తూర్పారబట్టినా ఎగిరిపోని మాటే గట్టి మాట.

ఆ, ఓ, ఏ

నొక్కి చెప్పడానికి తెలుగుకి పెద్ద పెద్ద పదాలు కూడా అక్కర్లేదు. ఒక్క అచ్చు చాలు.

"రాముడా?" అంటే ప్రశ్న. "రాముడో ఎవరో" అంటే అనుమానం. "రాముడే" అంటే ఇక తిరుగులేదు. చివర్లో ఆ, ఓ, ఏ మారితే మాట మీద మన పూచీ మొత్తం మారిపోతుంది. ఈ ఏకారాన్ని వ్యాకరణంలో అవధారణ అంటారు, అంటే నొక్కి చెప్పడమే. "నేను చేశాను" అంటే సమాచారం. "నేనే చేశాను" అంటే అసర్షన్.

ఇంకా ఉన్నాయి. "వచ్చాడు" అంటే నాకు తెలుసు. "వచ్చాడట" అంటే ఎవరో చెప్పగా విన్నాను, నాకు పూచీ లేదు. "వచ్చాడేమో" అంటే నాకు తెలియదు. "వచ్చాడు కదా" అంటే నువ్వు కూడా ఒప్పుకో.

ఇప్పుడు అసలు విషయం. వీటిలో దేనికీ మర్యాదతో సంబంధం లేదు. మర్యాదకి మనకి వేరే ముక్క ఉంది, అండి. "వచ్చారండి", "కాదండి", "కుదరదండి". మా కృష్ణా జిల్లాలో అండి లేకుండా బేరం కూడా తెగదు. "కాదండి" అన్నదాంట్లో కాదు పూర్తిగా కాదే. అండి పూర్తిగా మర్యాదే. రెండూ ఒకదాన్నొకటి తగ్గించవు.

మరి ఆఫీసులో మనం చేసేదేమిటి? పెద్దవాళ్ల ముందు మర్యాద చూపించాలనుకుని అండి బదులు ఏమో వాడేస్తాం. "కొంచెం ఇష్యూ ఉందేమో సర్." ఇష్యూ ఉందని మనకి తెలుసు. మూడుసార్లు చూశాం కూడా. అయినా గౌరవం కోసం నిజాన్ని అనుమానంగా మార్చేస్తాం. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి అది "ఐ థింక్", "మే బి", "జస్ట్" అయిపోతుంది. వినేవాళ్లకి మర్యాద కనపడదు, అనుమానం మాత్రమే వినపడుతుంది. నా లెక్కలో మనవాళ్లలో చాలామందికి లోపించింది ధైర్యం కాదు. మర్యాదనీ అనుమానాన్నీ ఒకే డబ్బాలో పెట్టేస్తున్నాం, అంతే.

శ్రీకాకుళం దేవుడి ముందు

మర్యాద తగ్గకుండా మాట గట్టిగా ఎలా అనాలో నేర్చుకోవడానికి కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం వెళ్దాం. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే జాగ్రత్త, అది మిమ్మల్ని ఉత్తరాంధ్రకి తీసుకెళ్లిపోతుంది. ఇది కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి దేవుడు ఆంధ్ర మహావిష్ణువు. తెలుగు సాహిత్యంలో రెండు గట్టి మాటలు ఈ దేవుడి దగ్గరే పుట్టాయి.

మొదటిది దేవుడు అన్నది. 16వ శతాబ్దం మొదట్లో కళింగ దండయాత్రకి వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆంధ్ర విష్ణువు కలలో కనపడి గోదాదేవి కథని తెలుగులో రాయమన్నాడు. ఈ సంగతి రాయలే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. అక్కడ దేవుడు తెలుగు గొప్పదని చెప్పి ఊరుకోలేదు. ఎందుకో కూడా చెప్పాడు. ఇంతమంది రాజులు నీ కొలువులో ఉన్నారు, వాళ్లందరితో మాట్లాడుతున్నావు, నీకే తెలియదా అని రాయల సొంత అనుభవాన్నే సాక్ష్యానికి పిలిచాడు. దేవుడయ్యుండి కూడా "నేను చెప్తున్నా కాబట్టి" అనలేదు.

రెండోది దేవుణ్ణి అన్నది. కాసుల పురుషోత్తమ కవిది దివిసీమలోని పెదప్రోలు. చల్లపల్లి జమీందారుల కాలం, సుమారు రెండు వందల ఏళ్ల కిందటి మాట. ఆయన ఈ దేవుడి మీద ఆంధ్రనాయక శతకం రాశాడు. నిందాస్తుతికి తెలుగులో పెట్టింది పేరు. అందులో ఒక సీసపద్యం సారాంశం మీరు వింటే మీ ఆఫీసే గుర్తొస్తుంది. భారమంతా మోసేది నీ భార్య భూదేవి, భరించేవాడన్న పేరు నీది. సంపద ఉన్నది లక్ష్మి దగ్గర, కోరికలు తీర్చేవాడన్న ఘనత నీది. సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పెద్ద కుటుంబీకుడన్న గొప్ప నీది. పాపాలు కడిగేది కూతురు గంగ, పతితపావనుడన్న కీర్తి నీది. పేరంతా ఆలుబిడ్డలు తెచ్చిందే, ఇందులో నీదేముంది?

టీమ్ చేసిన పనికి క్రెడిట్ ఎవరు తీసుకుంటున్నారన్న ప్రశ్న ఎంత పాతదో చూశారా? ఆయన ఎలా అడిగాడో కూడా చూడండి. తిట్టు లేదు. నాలుగు విషయాలు, ఎవరూ కాదనలేనివి, ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. చివర్లో తేల్చిన మాట ఒకటి. ప్రతి పద్యం చివరా దేవుణ్ణి దేవుడనే పిలిచాడు. భక్తి ఒక్క వీసం తగ్గలేదు, మాట ఒక్క వీసం మెత్తబడలేదు. అప్పట్లో ఆలనాపాలనా లేక ఉన్న గుడికి ఈ శతకం విన్నాక జమీందారు నిత్యపూజలు ఏర్పాటు చేశారని చెప్పుకుంటారు. "చేశారట" అంటున్నా, గమనించండి. అది విన్న మాట. శతకంలో ఉన్నది చదివిన మాట.

దగ్గర్లోనే కూచిపూడి. అక్కడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం "అసర్ట్ యువర్‌సెల్ఫ్"కి మంచి ఉదాహరణ. ముందు తెర మీద నుంచి పొడవాటి జడ పడుతుంది. అది సవాలు. తర్వాత తెర తొలగుతుంది, ఆమె తనెవరో తనే చెప్పుకుంటుంది. ఎవరి కూతురు, ఎవరి భార్య అన్న పరిచయం కోసం ఇంకొకరి నోటి వైపు చూడదు.

కోడ్‌లో అసర్ట్

ఇప్పుడు నా పనికి వస్తా. ప్రోగ్రామ్‌లో అసర్ట్ అంటే ఇది: "ఈ చోట ఈ విషయం నిజమై తీరాలి. కాకపోతే ముందుకెళ్లొద్దు, ఇక్కడే ఆగిపో." బ్యాంకు యాప్‌లో డబ్బు బదిలీ చేసే ముందు "పంపే మొత్తం సున్నా కంటే ఎక్కువ" అని అసర్ట్ రాసుకోవచ్చు.

ఈ ఆలోచన కంప్యూటర్లంత పాతది. 1949లో కేంబ్రిడ్జిలో జరిగిన సదస్సులో అలన్ ట్యూరింగ్ ఒక చిన్న పేపర్ చదివాడు. పెద్ద ప్రోగ్రామ్ సరిగ్గా ఉందని ఎలా తేల్చాలి? రాసినవాడు మధ్యమధ్యలో కొన్ని కచ్చితమైన అసర్షన్లు రాసిపెట్టాలి, చూసేవాడు వాటిని ఒక్కొక్కటిగా సరిచూసుకోవచ్చు అన్నాడు. కూడికల లెక్కనే ఉదాహరణగా చెప్పాడు. మోసుకెళ్లే అంకెలు రాసి ఉంచితే, ఒక్కో నిలువు వరసని విడిగా చూసుకోవచ్చు. అంటే అసర్షన్ ఎదుటివాళ్ల నోరు మూయించడానికి కాదు. వాళ్లు సరిచూసుకునే వీలు ఇవ్వడానికి.

కోడ్ ఇంకో రెండు పాఠాలు చెబుతుంది. పైథాన్‌లో అసర్ట్ తర్వాత షరతునీ సందేశాన్నీ కలిపి ఒకే బ్రాకెట్లలో పెడితే, ఆ అసర్ట్ ఎప్పటికీ ఫెయిలవ్వదు. షరతు తప్పయినా సరే, పాసే. ఎప్పటికీ తప్పవ్వని అసర్ట్ పనికిరానిది. "క్వాలిటీయే మా ప్రాధాన్యం" లాంటి వాక్యాలు ఈ కోవలోవే. ఏం జరిగినా అవి తప్పవ్వవు, అందుకే అవి ఏమీ చెప్పవు.

రెండోది, జావాలో మీరు ప్రత్యేకంగా ఆన్ చేస్తే తప్ప అసర్ట్‌లు నడవవు. రాసి ఉంటాయి, కానీ నిద్రపోతూ ఉంటాయి. మనలో చాలామంది ఇంతే. టీ కొట్టు దగ్గర ఆ డిజైన్‌లో తప్పేమిటో ఘంటాపథంగా చెబుతాం. మీటింగ్ మొదలవగానే ఆఫ్.

ప్రశ్నగా అడిగినందుకు

ఆఫ్ అయితే ఏమవుతుంది? ఎక్కువసార్లు ఒక రిలీజ్ పాడవుతుంది, ఒక వీకెండ్ పోతుంది. ఒక్కోసారి అంతకంటే పెద్దవే పోతాయి.

1977 మార్చి 27. కానరీ దీవుల్లో టెనెరిఫే విమానాశ్రయం. బాగా పొగమంచు. కేఎల్ఎం వాళ్ల బోయింగ్ 747 టేకాఫ్ మొదలుపెట్టేసింది. అదే రన్‌వే మీద పానామ్ వాళ్ల 747 ఉంది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఉన్న ఫ్లైట్ ఇంజినీర్‌కి రేడియోలో విన్నదాన్ని బట్టి అనుమానం వచ్చింది. ఆ విమానం ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. ప్రశ్నగా అడిగాడు. ఆ సంస్థలో బాగా సీనియర్ అయిన కెప్టెన్ తప్పుకుందని గట్టిగా జవాబిచ్చాడు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. విమానం ఆగలేదు. 583 మంది చనిపోయారు.

ఆ ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ కాక్‌పిట్‌లో ఆ కొద్ది సెకన్ల సంభాషణని పైలట్ల శిక్షణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జూనియర్లు అనుమానాన్ని ఎలా స్పష్టంగా చెప్పాలి, సీనియర్లు ఎలా వినాలి అన్నది తర్వాతి సంవత్సరాల్లో విమానయానంలో ఒక పాఠ్యాంశమే అయింది. గమనించాల్సిందేమిటంటే, అక్కడ గట్టిగా వినిపించిన మాట తప్పు. నిజానికి దగ్గరగా ఉన్న మాట మెత్తగా, ప్రశ్నలా ఉంది.

రేపటి మీటింగ్‌కి

పురుషోత్తమ కవి దారిలోనే వెళ్దాం. ముందు చూసిన విషయం, తర్వాత తేల్చిన మాట, చివర కావాల్సింది. "నిన్న టెస్టులో పేమెంట్ పేజీ మూడుసార్లు ఆగిపోయిందండి. శుక్రవారం రిలీజ్ చేస్తే కస్టమర్ దగ్గరా ఆగుతుంది. సోమవారం దాకా టైమ్ కావాలి." ఇందులో ఏమో లేదు, అరుపు లేదు. అండి ఉంది. తప్పయితే ఎవరైనా సరిచూసుకోవచ్చు. నిజంగా తెలియనప్పుడు ఏమో అనడానికి సిగ్గుపడక్కర్లేదు. తెలిసినదానికి మాత్రం దాన్ని తగిలించకండి.

అందరికీ ఇది ఒకే ఖరీదుకి దొరకదని కూడా ఒప్పుకోవాలి. అదే వాక్యం అబ్బాయి అంటే "క్లారిటీ ఉంది" అంటారు, అమ్మాయి అంటే "నోరెక్కువ" అంటారు. ఫ్రెషర్ అంటే "అప్పుడే పొగరు" అంటారు. ఇంగ్లిష్ తడబడే కుర్రాడు అంటే సగంలోనే మాట అందుకుంటారు. అసర్టివ్‌గా ఉండమని వాళ్ల ఫారంలో రాసినంత మాత్రాన ఇది మారదు.

అందుకే రోమ్‌లోని ఆ చెయ్యిని మళ్లీ గుర్తు చేస్తున్నా. మీరు నాలుగేళ్లు సీనియర్ అయ్యుంటే, మీటింగులో ఒక జూనియర్ మెల్లగా ఏదో అని ఆగిపోతే, "ఆగండి, ఆ అమ్మాయి చెప్పింది పూర్తిగా విందాం. ఆ టెస్టు నేనూ చూశాను" అనండి. దానికి పది సెకన్లు పడుతుంది. అసర్ట్ అన్న మాటకి మొదటి అర్థం అదే.